కస్తూర్బా సొంతంగా ఏం చేశారు? కొంచెం పెద్ద సమాధానం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమ్మాయి కస్తూర్బా బాలికా విద్యాలయంలో చదువుతోంది. బడికి ఎవరి పేరు పెట్టారో ఆవిడ గురించే ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. మీరెంత వెతికినా ‘గాంధీజీ సహధర్మచారిణి, త్యాగమూర్తి, సహనశీలి’ అన్న మూడు మాటలకు మించి దొరకలేదు. భర్త వెనకాల నడవడం కాకుండా ఆవిడ సొంతంగా చేసిందేమైనా ఉందా, లేక పెద్దాయన భార్య కాబట్టి పేరు పెట్టేశారా అని అడిగారు.

ఉంది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. మొదటి పదేళ్లు నేనూ ఆ మూడు మాటలే చెప్పి పాఠం దాటేశాను. ఒకసారి ఏడో తరగతి పిల్ల లేచి, ‘సార్, ఆమె ఎప్పుడూ వద్దు అనలేదా?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఇంటికెళ్లి చదవడం మొదలుపెట్టాను. చదివాక తెలిసిందేమిటంటే, ఆ మూడు మాటల్లో ‘సహనశీలి’ అన్నదే పెద్ద అబద్ధం. ఆవిడ వద్దన్న సందర్భాలు చాలానే ఉన్నాయి. అసలు ఆవిడ చేసిన ప్రతి మంచి పనీ ఒక ‘వద్దు’తోనో, ‘ఎందుకు’తోనో మొదలైంది.

ముందుగా ఒక జాగ్రత్త. కస్తూర్బా గురించి మనకు తెలిసిందాంట్లో ఎక్కువ భాగం భర్త రాసిందే. ఆయన తన తప్పులు ఒప్పుకోవడానికి రాసుకున్న చోట ఈవిడ కనిపిస్తుంది, మిగతా చోట్ల మాయమవుతుంది. ఆవిడకు అక్షరమ్ముక్క రాదని చాలామంది రాశారు. అదీ పూర్తిగా నిజం కాదు. 1933 నాటి ఆవిడ గుజరాతీ డైరీ దొరికింది, మునిమనవడు తుషార్ గాంధీ దాన్ని 2022లో పుస్తకంగా తెచ్చారు. చదువు తక్కువే, కానీ తన రోజును తన చేత్తో రాసుకునేంత వచ్చు.

పుట్టింది 1869 ఏప్రిల్ 11న, పోర్‌బందర్‌లో. తండ్రి గోకుల్‌దాస్ కపాడియా, వ్యాపారి. గాంధీ కంటే ఆరు నెలలు పెద్ద. పదమూడేళ్ల ఈడులో ఇద్దరికీ పెళ్లి చేశారు. కొత్తలో ఆ కుర్ర మొగుడికి ఒకటే అనుమానం. నా అనుమతి లేకుండా గడప దాటకూడదు అన్నాడట. ఈవిడ గొడవ పడలేదు, ఏడవలేదు. గుడికి వెళ్లాలనిపిస్తే వెళ్లింది, చుట్టాలింటికి వెళ్లాలనిపిస్తే వెళ్లింది. ఎంత కట్టడి చేస్తే అంత స్వేచ్ఛగా తిరిగిందని ఆయనే ఆత్మకథలో రాశారు. తన మొండితనానికి ఆమె ఎదురుతిరిగిన పద్ధతి చూసే తాను అహింస పాఠం నేర్చుకున్నానని తర్వాత్తర్వాత చెప్పుకున్నారు కూడా. దాన్ని ముఖస్తుతి అనుకోనక్కర్లేదు. సత్యాగ్రహం అన్న మాట పుట్టకముందే ఆ ఇంట్లో దాని నమూనా ఉంది.

తర్వాత డర్బన్. 1897 మొదట్లో ఓడ దిగారు. దిగిన రోజే భర్తను తెల్లవాళ్ల గుంపు చితకబాదింది. ఆ ఇంట్లో జరిగిన ఒక సంగతి మీరు వినే ఉంటారు. గాంధీ ఆఫీసు గుమాస్తాలు కూడా అదే ఇంట్లో ఉండేవాళ్లు. గదుల్లో తూములు లేవు, రాత్రి మూత్రానికి కుండలు వాడేవాళ్లు. వాటిని భార్యాభర్తలే ఎత్తిపోయాలి. కొత్తగా చేరిన గుమాస్తా అంటరాని కులంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. అతని కుండ ఎత్తడం ఈవిడకు ప్రాణం మీదికి వచ్చింది. కళ్లు ఎర్రబడి, బుగ్గల మీద నీళ్లు కారుతుండగా కుండ పట్టుకుని మెట్లు దిగుతోంది. ఆయనకు అదీ చాల్లేదు, నవ్వుతూ చేయాలట! మాటా మాటా పెరిగి చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్లి బయటకు నెట్టబోయారు. అప్పుడావిడ, సిగ్గు లేదా, ఈ దేశంలో నాకు అమ్మానాన్నా ఎవరున్నారు, ఎక్కడికి పొమ్మంటారు, ఎవరైనా చూస్తే ఇద్దరి పరువూ పోతుంది, గేటు వేయండి అంది. ఆయన తల దించుకున్నారు.

ఈ కథను భర్త పశ్చాత్తాపం కథగా చెప్తారు. నేను క్లాసులో రెండు వైపులా చెప్పేవాణ్ణి. ఆయన చేసింది దౌర్జన్యం, ఆవిడ మనసులో ఉన్నది కులం. రెండూ నిజమే. రెండోది దాచిపెడితే తర్వాత ఆవిడ ఎంత దూరం నడిచిందో పిల్లలకు అర్థం కాదు.

1901లో ఇంకో తగాదా. ఇండియాకు బయల్దేరుతుంటే అక్కడి మనవాళ్లు బంగారం, వజ్రాల కానుకలు ఇచ్చారు. అందులో ఒక హారం ప్రత్యేకంగా ఆవిడకే ఇచ్చింది. ప్రజాసేవకు కానుకలు తీసుకోకూడదు, అన్నీ ట్రస్టుకు ఇచ్చేద్దాం అన్నారు గాంధీ. ముందు పిల్లల్ని తన వైపు తిప్పుకుని, తర్వాత ఈవిడ దగ్గరికి వచ్చారు. నా హారం ఇవ్వడానికి మీరెవరు అందావిడ. మీ సేవకు ఇచ్చారని ఆయన అంటే, మీ సేవ నా సేవ కాదా, రాత్రనక పగలనక మీకోసం, ఊళ్లో వాళ్లందరి కోసం చాకిరీ చేసింది నేను కాదా అంది. హారం పోయింది, ఆవిడ ఓడిపోయింది. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఆయన దగ్గర లేదు. నాయకుడి ఇంట్లో పదిమందికి వండి వార్చే మనిషి పని ఎవరి ఖాతాలో పడుతుంది? ఇప్పటికీ ఎన్నికల రోజుల్లో ఏ నాయకుడి వంటింట్లోకి తొంగిచూసినా ఈ ప్రశ్న అక్కడే ఉంటుంది.

ఇక అసలు సంగతి, 1913. మీ అమ్మాయి ప్రసంగానికి గుండెకాయ ఇదే.

ఆ ఏడాది మార్చి 14న దక్షిణాఫ్రికాలో కేప్ సుప్రీంకోర్టు జడ్జి సెర్ల్ ఒక తీర్పు ఇచ్చారు. క్రైస్తవ పద్ధతిలో జరిగి రిజిస్టరైన పెళ్లి తప్ప మిగతావి చట్టం ముందు చెల్లవన్నది దాని సారం. అంటే హిందూ, ముస్లిం, పార్శీ పెళ్లిళ్లన్నీ ఒక్క దెబ్బతో కొట్టుకుపోయాయి. ఇండియా నుంచి భార్యను తెచ్చుకుందామంటే రానివ్వరు, తండ్రి ఆస్తి పిల్లలకు రాదు. అన్నిటికంటే ముందు, ఇరవై ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఆడవాళ్లు కాగితం మీద భార్యలు కాకుండా పోయారు. అప్పటిదాకా అక్కడి పోరాటమంతా పర్మిట్లూ, వేలిముద్రలూ, ఒప్పందం తీరిన కూలీల మీద వేసిన మూడు పౌన్ల పన్నూ. మగవాళ్ల వ్యవహారంలాగే నడిచింది. ఈ తీర్పు నేరుగా వంటింట్లోకి వచ్చింది.

ఆవిడ ఉద్యమంలోకి ఎలా వచ్చారన్నదానికి రెండు కథనాలున్నాయి. గాంధీ రాసినదాని ప్రకారం, ఆయన డర్బన్ దగ్గర తాను పెట్టిన ఫీనిక్స్ ఆశ్రమంలో మిగతా ఆడవాళ్లతో జైలు సంగతి మాట్లాడారు కానీ భార్యను అడగలేదు. అడిగితే కాదనలేక ఒప్పుకుంటుందేమో, రేపు కోర్టులో వణికిపోతే తన పరిస్థితి ఏమిటని ఆయన భయం. ఈవిడ చాటుగా అంతా విని ఎదురొచ్చి, నాతో ఎందుకు చెప్పలేదు, జైలుకు పనికిరానంత లోపం నాలో ఏముంది అని నిలదీసింది.

ఆశ్రమంలోనే ఉన్న రావ్‌జీభాయ్ పటేల్ జ్ఞాపకాల్లో ఇంకోలా ఉంది. వంట జరుగుతుండగా గాంధీ, ఇక నువ్వు నా భార్యవు కావు, సర్కారు అలా తేల్చేసింది అని కదిపారు. అయితే ఇండియా వెళ్లిపోదాం అంది. అది పిరికితనం అన్నారాయన. మరి ఆడవాళ్లు జైలుకు వెళ్లకూడదా అని ఈవిడ ప్రశ్న. ఆ తర్వాత బేరం మొదలైంది. నేను పళ్లు తప్ప తినను కదా, జైల్లో పళ్లివ్వకపోతే? ఇచ్చేదాకా ఉపవాసం ఉండు. అంటే చచ్చిపొమ్మని దారి చూపిస్తున్నారన్నమాట! చస్తే నిన్ను జగదంబలా పూజిస్తాను. సరే, వెళ్తాను.

రెండు కథనాల్లో ఏది ఎంత నిజమన్నది పక్కన పెట్టండి. రెండింట్లోనూ ఒక విషయం ఉంది. ఆవిడ ‘మీరెలా చెప్తే అలా’ అనలేదు. ఒకదాంట్లో నిలదీసింది, ఇంకోదాంట్లో తిండి దగ్గర్నుంచి చావు దాకా అన్నీ అడిగి తేల్చుకుని మరీ ఒప్పుకుంది. నాకు రెండోది ఎక్కువ నచ్చుతుంది. జైలుకెళ్లే మనిషి ముందు తిండి గురించి అడగడంలో ఎంత ఇల్లాలితనం ఉందో చూడండి.

సెప్టెంబర్ 15న ఫీనిక్స్ నుంచి 16 మంది బయల్దేరారు. అందులో నలుగురు ఆడవాళ్లు: కస్తూర్బా, ఛగన్‌లాల్ భార్య కాశీ, మగన్‌లాల్ భార్య సంతోక్, మణిలాల్ డాక్టర్ భార్య జయకున్వర్. నాటాల్ రాష్ట్రం నుంచి సరిహద్దు దాటి పర్మిట్ లేకుండా పక్కనున్న ట్రాన్స్‌వాల్‌లో అడుగుపెట్టడమే నేరం, ఆ నేరమే చేయాలి. ఇక్కడ చిన్న తెలివి ఉంది. గాంధీ మనుషులని తెలిస్తే సర్కారు పట్టుకోకుండా వదిలేస్తుందేమోనని, పోలీసులు అడిగితే పేర్లు చెప్పకూడదని ముందే అనుకున్నారు. ‘గాంధీ భార్య’ అన్న హోదా తీసేసి, పేరులేని మామూలు భారతీయ స్త్రీగా అరెస్టయితేనే ఆ పని జరుగుతుంది. సెప్టెంబర్ 23న మూడు నెలల కఠిన శిక్ష పడింది. అప్పటికి ఆవిడకు 44 ఏళ్లు.

సరిహద్దు ఊరు వోక్స్‌రస్ట్ నుంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్ జైలుకు మార్చారు. ఈ ఊరి పేరు మీ అమ్మాయి పాఠంలో చదివే ఉంటుంది. 1893లో గాంధీని రైల్లోంచి నెట్టేసిన స్టేషన్ ఈ ఊరిదే. ఆ స్టేషన్ గురించి పేజీలకు పేజీలు రాస్తాం. అదే ఊళ్లో ఇరవై ఏళ్ల తర్వాత ఆయన భార్య మూడు నెలలు జైల్లో ఉన్న సంగతి చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా ఉండదు. ఇది నా పాత బాధ, వదిలేయండి.

జైల్లో ఆవిడ భయపడిందే జరిగింది. గాంధీ తన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో, ఆహార నియమం పెట్టుకున్న ‘ఒక సోదరి’ సంగతి రాశారు. పేరు చెప్పలేదు గానీ అది కస్తూర్బాయేనని తెలిసిపోతుంది. ఎంతో పోరాడితే ఆ తిండి ఇవ్వడానికి ఒప్పుకున్నారు, ఇచ్చింది మాత్రం మనుషులు తినేలా లేదు. ఆమెకు ఆలివ్ నూనె తప్పనిసరి. మొదట ఇవ్వనేలేదు, తర్వాత ఇచ్చింది పాతబడి కంపు కొట్టింది. నా డబ్బుతో తెప్పించుకుంటానంటే, ఇది హోటల్ కాదు, పెట్టింది తిను అన్నారు. డిసెంబర్ 22న విడుదలై బయటకు వచ్చేసరికి ఎముకల గూడు మిగిలింది. కోలుకోవడానికి నెలలు పట్టింది, ఒక దశలో ఆశ వదులుకున్నారు కూడా.

ఆవిడ జైల్లో ఉండగా బయట ఏం జరిగిందో కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ఒక మనిషి కష్టంలాగే మిగిలిపోతుంది. టాల్‌స్టాయ్ ఫార్మ్ (జోహన్నెస్‌బర్గ్ దగ్గర గాంధీ పెట్టిన ఇంకో ఆశ్రమం) నుంచి వచ్చిన ఆడవాళ్లు, ఎక్కువమంది తమిళులు, న్యూకాసిల్ బొగ్గుగనుల దగ్గరికి వెళ్లి కూలీలను కదిలించారు. కూలీలు పని ఆపేశారు. నవంబర్ 6న రెండు వేల మందికి పైగా మగవాళ్లు, 127 మంది ఆడవాళ్లు, 57 మంది పిల్లలు సరిహద్దు వైపు నడిచారు. ఆ కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు, ఒప్పందం మీద చెరకు తోటలకూ గనులకూ వెళ్లినవాళ్లు. 1914లో ఇండియన్ రిలీఫ్ చట్టం వచ్చింది. మూడు పౌన్ల పన్ను పోయింది, పెళ్లిళ్లు మళ్లీ చెల్లాయి. మారిట్జ్‌బర్గ్ జైల్లోనే ఉన్న పదహారేళ్ల తమిళ పిల్ల వళ్లియమ్మ మాత్రం జ్వరంతో బయటకొచ్చి 1914 ఫిబ్రవరి 22న చనిపోయింది. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.

1915 జనవరిలో ఇండియాకు తిరిగొచ్చారు. అక్కడ జైలుకెళ్లొచ్చిన మనిషి ఇక్కడికొచ్చాక మళ్లీ కులం దగ్గర తడబడింది. అహ్మదాబాద్ కొచ్రబ్ ఆశ్రమంలోకి దూదాభాయ్, దానీబెన్ అనే దళిత దంపతులు పాప లక్ష్మితో వచ్చి చేరినప్పుడు, ఆశ్రమంలో ఎదురుచెప్పినవాళ్లలో కస్తూర్బా కూడా ఉన్నారు. ఇంట్లో పెద్ద గొడవే అయింది. చివరికి ఉండిపోయారు. ఆ లక్ష్మిని తర్వాత గాంధీ దంపతులు కూతురిగా పెంచారు. కథ ఇక్కడితో సుఖాంతం అనుకుంటే పొరపాటే. 1938లో ఒరిస్సాలోని డెలాంగ్ సభలకు వెళ్లినప్పుడు ఈవిడ పూరీ జగన్నాథుడి గుళ్లోకి వెళ్లొచ్చారు. హరిజనులను రానివ్వని గుడి అది. గాంధీ ఎంత కలత చెందారంటే బీపీ పెరిగిపోయింది. గాంధీ కార్యదర్శి మహదేవ్ దేశాయ్ భార్య దుర్గ కూడా వెంట వెళ్లినందుకు దేశాయ్ అయితే ఆశ్రమం వదిలి వెళ్లిపోతానన్నారు. ఈవిడ తప్పయిందని ఒప్పుకున్నారు.

దీన్ని ఎలా చూడాలి? డెబ్బైకి దగ్గరపడ్డ భక్తురాలు పూరీ దాకా వెళ్లి జగన్నాథుణ్ణి చూడకుండా రావడం ఎంత కష్టమో మన ఇళ్లల్లో పెద్దవాళ్లను చూసినవాళ్లకు తెలుసు. అలాగని అది తప్పు కాకుండా పోదు. ఆవిడ మారింది, కానీ ఒక్కరోజులో మారలేదు, ఒకసారి మారి ఊరుకోలేదు. ప్రసంగంలో ఈ భాగం పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే పెడతాను.

చంపారన్ దగ్గరికి వద్దాం. 1917లో గాంధీ నీలిమందు రైతుల కోసం బీహార్ వెళ్లారు. విచారణ ఒకవైపు, ఊళ్లల్లో బళ్లు పెట్టడం ఇంకోవైపు. నవంబర్ 20న భితిహర్వాలో పెట్టిన బడి దగ్గర కస్తూర్బా ఉన్నారు. బడి అంటే వెదురూ గడ్డీ వేసిన పాక. ఒక రాత్రి అది తగలబడింది. తెల్లదొర మనుషుల పనేనని అందరి అనుమానం. ఈసారి ఇటుకలతో కట్టారు. ఈవిడ ఊళ్లోకి వెళ్లి ఆడవాళ్లతో శుభ్రత గురించి, పిల్లల గురించి మాట్లాడేది. ఇర్విన్ అనే నీలిమందు దొర ఆవిడ మీద పత్రికకెక్కి మరీ ఫిర్యాదు చేశాడు. గాంధీ మీద చేశాడంటే అర్థం ఉంది. ఊరి ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడే మనిషంటే దొరకు ఎందుకంత దడ?

అక్కడి ముచ్చట ఒకటి. ఊళ్లో ఆడవాళ్ల బట్టలు మురికిగా ఉన్నాయి, అడుగు అని గాంధీ చెప్పారు. ఈవిడ అడిగింది. ఒకామె చెయ్యి పట్టుకుని గుడిసెలోకి తీసుకెళ్లి చూపించింది: ఇదిగోనమ్మా, పెట్టె లేదు, బీరువా లేదు, ఒంటి మీదున్న ఈ చీర ఒక్కటే. దీన్ని ఎప్పుడు ఉతకను? ఇంకో చీర ఇప్పించమని మహాత్ముడితో చెప్పు, రోజూ స్నానం చేసి ఉతికింది కట్టుకుంటాను. గాంధీ ఆత్మకథలో ఉన్న సంగతే ఇది. కానీ ఆ గుడిసెలోకి వెళ్లింది ఆయన కాదు. మగవాడు వెళ్లలేడు, పట్నం నుంచి వచ్చిన చదువుకున్న వాలంటీరుకు ఆమె అలా చూపించదు కూడా. తనలాంటి చీరే కట్టుకుని, తనలాగే వంట చేసుకునే ఆడమనిషికి చూపించింది. కస్తూర్బా పని ఏమిటని అడిగితే నేను ఇదే చెప్తాను. ఉపన్యాసం వెళ్లలేని చోటికి ఆవిడ వెళ్లగలిగింది.

తర్వాతి ఇరవై ఏళ్లు త్వరగా చెప్తాను. 1922 మార్చిలో గాంధీకి ఆరేళ్ల శిక్ష పడ్డప్పుడు దేశానికి ఆవిడ పేరుతో ఒక పిలుపు వెళ్లింది: విదేశీ బట్ట కట్టకండి, ఆడవాళ్లు రాట్నం తిప్పండి, వ్యాపారులు విదేశీ బట్ట అమ్మకండి. 1930 దండి నడకలో ఆడవాళ్లను తీసుకోలేదు. ఆ తర్వాత సారా దుకాణాల ముందు, విదేశీ బట్టల కొట్ల ముందు పికెటింగ్ ఆడవాళ్లకు అప్పగిస్తే ఈవిడ గుజరాత్ పల్లెలు తిరిగారు. 1932, 33ల్లో జైలు, విడుదల, మళ్లీ జైలు. ఆ డైరీ ఈ రోజులదే. ఇంట్లో పెద్దకొడుకు హరిలాల్ తాగుడు ఆవిడను లోపల్లోపల తినేస్తూ ఉండేది. సారా కొట్టు ముందు నిలబడినప్పుడు ఆవిడ మనసులో ఎవరు మెదిలారో ఊహించడం కష్టం కాదు.

మధ్యలో 1929. ఎవరో ఇచ్చిన నాలుగు రూపాయలు ఆశ్రమంలో జమ చేయకుండా దగ్గర ఉంచుకుందని గాంధీ తన పత్రిక నవజీవన్‌లో భార్య తప్పును లోకానికంతా చాటారు. నాలుగు రూపాయలు! నిజాయితీకి పరాకాష్ఠ అని కొందరు మెచ్చుకుంటారు. నాకు ఇప్పటికీ మింగుడుపడదు. భార్యను పిలిచి చెప్తే సరిపోయేది. నాయకుడి భార్యకు సొంత తప్పు చేసుకునే పాటి చాటు కూడా ఉండదని ఆ వ్యాసం చదివితే తెలుస్తుంది.

1939 రాజ్‌కోట్ పోరాటం మాత్రం ఆగి చెప్పాల్సిందే. అక్కడి రాజు ప్రజలకు పరిపాలనలో భాగమిస్తానని వల్లభ్‌భాయ్ పటేల్‌తో ఒప్పందం చేసుకుని మాట తప్పాడు. రాజ్‌కోట్ ఈవిడ మెట్టినిల్లు, మామగారు దివాన్‌గా చేసిన సంస్థానం. నా ఊరి ఆడవాళ్లను జైల్లో పెడుతుంటే నేనిక్కడ కూర్చోలేనని ఈవిడే బయల్దేరారు. వయసు డెబ్బైకి దగ్గర, ఆరోగ్యం అంతంత మాత్రం. పటేల్ కూతురు మణిబెన్ తోడు వెళ్లారు. ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో అడుగుపెట్టగానే అరెస్టు చేసి ఊరికి దూరంగా పల్లెలో ఉంచారు. గాంధీ రాజ్‌కోట్ వచ్చి ఉపవాసం మొదలుపెట్టింది ఆ తర్వాతే, మార్చి 3న. ఇక్కడ ఎవరు ఎవరి వెనక నడిచినట్టు?

1942 ఆగస్టు 9. తెల్లవారకముందే బొంబాయి బిర్లా హౌస్‌లో గాంధీని అరెస్టు చేశారు. కావాలంటే మీరూ ఆయనతో రావచ్చని పోలీసులు ఆవిడకు చెప్పారు. ఆయనతోపాటు వెళ్లిపోవడం సులువు. ఆవిడ ఆగిపోయారు. ఆ సాయంత్రం శివాజీ పార్కులో గాంధీ మాట్లాడాల్సిన సభ ఉంది, అక్కడ నేను మాట్లాడతానన్నారు. జీవితమంతా వేదికలకు దూరంగా ఉన్న 73 ఏళ్ల మనిషి! సభకు బయల్దేరుతుంటే, వెంట ఉన్న డాక్టర్ సుశీలా నయ్యర్‌తో సహా పట్టుకెళ్లారు. ఆ సభ ఆవిడకు దక్కలేదు.

రెండు రోజుల తర్వాత పూణే ఆగాఖాన్ ప్యాలెస్‌కు చేర్చారు. పేరుకు ప్యాలెస్, చుట్టూ ముళ్లకంచె. ఆగస్టు 15న మహదేవ్ దేశాయ్ గుండె ఆగి చనిపోయారు. ఈవిడకు ఆయన కొడుకులాంటివాడు. ఆ తర్వాత ఆవిడ మనసు అక్కడ నిలవలేదు. ఉన్నంతలో గాంధీ శిష్యురాలు మీరాబెన్‌తో క్యారమ్స్ ఆడేవారు. గాంధీ ఆవిడకు గుజరాతీ, భూగోళం చెప్పడం మొదలుపెట్టారు. డెబ్బై దాటిన భార్యకు డెబ్బై దాటిన మొగుడు పాఠం చెప్పడం! నిన్న చెప్పిన ఊళ్లూ నదులూ ఇవాళ కలగాపులగం అయ్యేవట. సుశీలా నయ్యర్ రాసిన ఒక చిన్న సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. రాయడం కోసం ఒక నోటుబుక్కు కావాలని ఆవిడ అడిగారు. ముందు విడి కాగితాల మీద రాయి, రాత బాగుపడ్డాక నోటుబుక్కు ఇప్పిస్తానన్నారు గాంధీ. ఆవిడకు మనసు నొచ్చుకుంది, రాయడం మానేశారు. తర్వాత నోటుబుక్కు ఇచ్చినా ముట్టుకోలేదు. చనిపోయాక సామాన్లలో అది ఖాళీగా దొరికింది. చూశారా, చివరిదాకా ఆ ‘వద్దు’ పోలేదు.

గుండె జబ్బు, న్యుమోనియా. కొడుకు దేవదాస్ కలకత్తా నుంచి పెన్సిలిన్ తెప్పించాడు. కొత్త మందు, కొన్ని గంటలకోసారి సూది పొడవాలి. ఈ దశలో ఎందుకు హింసించడమని గాంధీ వద్దన్నారు. దాని మీద ఇప్పటికీ వాదులాటే, నేను అందులోకి వెళ్లను. 1944 ఫిబ్రవరి 22, మహాశివరాత్రి సాయంత్రం భర్త ఒళ్లో తల పెట్టుకుని వెళ్లిపోయారు. వళ్లియమ్మ పోయిన తేదీ, సరిగ్గా ముప్పై ఏళ్లకు. ఆయన వడికిన నూలుతో నేసిన చీర కట్టి ప్యాలెస్ ఆవరణలోనే, మహదేవ్ దేశాయ్ సమాధి పక్కన దహనం చేశారు. ఖైదీగానే పోయారు.

మీ బడి పేరు సంగతికి వస్తే, ఆవిడ పోయాక స్మారక నిధికి 75 లక్షల రూపాయలు లక్ష్యంగా పెట్టుకుంటే కోటి దాటింది. 1944 అక్టోబర్ 2న దాన్ని గాంధీ చేతిలో పెట్టారు. విగ్రహాలకూ భవనాలకూ కాదు, పల్లెల్లోని ఆడవాళ్ల కోసం, పిల్లల కోసమే ఖర్చు పెట్టాలని ఆయన షరతు. ఆ ట్రస్టు ఇప్పటికీ ఉంది, హైదరాబాద్ దగ్గర హైదర్‌షాకోట్‌లోనూ దాని కేంద్రం నడుస్తోంది. మీ అమ్మాయి చదివే కేజీబీవీలు (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు) వేరు, 2004లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం అది. బడి మానేసిన, బడికి దూరమైన ఆడపిల్లల కోసం. రెండింటినీ కలిపేసి చెప్పకుండా చూసుకోండి, జడ్జిల్లో ఎవరికైనా తెలిస్తే మార్కులు పోతాయి.

ఐదు నిమిషాల్లో ఇదంతా పట్టదు. పుట్టిన తేదీతో మొదలుపెట్టొద్దు, అందరూ అలాగే మొదలుపెడతారు. ‘నాలో ఏం లోపం ఉంది?’ అని ఆవిడ నిలదీసిన చోట మొదలుపెట్టమనండి. 1913కు మూడు నిమిషాలు, చంపారన్ చీరకు ఒకటి, మిగిలింది శివాజీ పార్కుకు. జైల్లో ఆలివ్ నూనె సంగతి తప్పకుండా చెప్పమనండి, పిల్లలు అలాంటివే గుర్తుపెట్టుకుంటారు. సెర్ల్ అన్న పేరు నోరు తిరగకపోతే ‘కేప్ కోర్టు జడ్జి’ అంటే చాలు. రాసుకున్నది ఇక్కడ పెడితే తేదీలు ఒకసారి సరిచూసి చెప్తాను.